షోకేస్‌లో పడున్న ఐపాడ్ డాక్‌ను పారేయొద్దు.. మళ్లీ వినిపించేలా చేసుకోవచ్చు

జిద్దా నుంచో, దుబాయ్ నుంచో సెలవు మీద ఇంటికి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో ఒకప్పుడు తరచూ కనిపించిన వస్తువు చిన్న స్పీకర్ డాక్. నల్లగానో తెల్లగానో ఉండి, జానెడు పొడవు దాటదు. మధ్యలో చిన్న గూడు. అందులో ఐపాడ్‌ను నిలబెట్టి బటన్ నొక్కితే చాలు, హాలంతా వినిపించేది. పొద్దున్నే తిలావత్, మధ్యాహ్నం నాత్‌లు, రాత్రి భోజనాలయ్యాక ఒకటో రెండో పాత గజళ్లు.. ఇలా ఆ డాక్ చుట్టూ ఇంటి దినచర్య నడిచేది.

ఇప్పుడు ఆ డాక్ షోకేస్‌లో పింగాణీ కప్పుల వెనక ఉంటోంది. ఐపాడ్‌ల తయారీ ఆగిపోయింది. చేతిలో ఉన్న కొత్త ఫోన్ ఆ గూట్లో కూర్చోదు. "అది పనికిరాదు, పాత సామాన్లవాడికి వేసేయండి" అని పిల్లలు అంటుంటారు.

కానీ చాలా ఇళ్లల్లో చెడిపోయింది స్పీకర్ కాదు. పాటను స్పీకర్ దాకా తీసుకెళ్లే దారి మారిపోయింది, అంతే. ఆ దారిని మళ్లీ కలపడం పెద్ద పనేమీ కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా ఉంది. డాక్ పక్కనే పడున్న పాత ఐపాడ్‌లో ఏముందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న బయాన్‌లు ఉండొచ్చు. ఇప్పుడు లేని పెద్దాయన గొంతు ఉండొచ్చు. చిన్నప్పుడు హిఫ్జ్ చేసిన పిల్లాడి కిరాత్ ఉండొచ్చు. తెలియక ఒక్క బటన్ నొక్కితే అవన్నీ పోతాయి. అందుకే డాక్‌ను పారేసే ముందు, ఐపాడ్‌ను కంప్యూటర్‌కు తగిలించే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి.

డాక్‌లో ఉండేవి మూడు

ఏ కంపెనీ డాక్ అయినా లోపల ప్రధానంగా మూడు భాగాలుంటాయి. ఒకటి, స్పీకర్లు. సాధారణంగా రెండు, మూడు అంగుళాలవి. రెండు, వాటిని మోగించే ఆంప్లిఫయర్ బోర్డు. మూడు, ఐపాడ్ కూర్చునే కనెక్టర్. వీటన్నిటికీ కరెంటు ఇచ్చే అడాప్టర్ బయట ఉంటుంది.

స్పీకర్లు, ఆంప్లిఫయర్ బాగా చూసుకుంటే ఏళ్ల తరబడి పనిచేస్తాయి. వాటికి ఐపాడ్ అయినా, ఫోన్ అయినా, రేడియో అయినా ఒకటే. వచ్చిన సిగ్నల్‌ను పెద్దది చేసి వినిపించడమే వాటి పని. పాతబడిపోయేది కనెక్టర్. అది కూడా అరిగిపోయి కాదు, దానికి సరిపోయే ప్లేయర్లు రావడం మానేశాయి కాబట్టి.

30 పిన్నుల కథ

ఆపిల్ తొలి ఐపాడ్‌ను 2001 అక్టోబరులో ప్రకటించింది. అందులో 5 జీబీ జాగా ఉండేది, వెయ్యి పాటలు పడతాయని చెప్పుకున్నారు. దానికి డాక్ కనెక్టర్ లేదు. 2003లో వచ్చిన మూడో తరం ఐపాడ్‌తో అడుగున వెడల్పాటి 30 పిన్నుల కనెక్టర్ వచ్చింది. ఒకే రంధ్రంలో ఛార్జింగ్, కంప్యూటర్ కనెక్షన్, స్పీకర్‌కు పోయే సౌండ్ మూడూ కలిశాయి. దాంతో బయటి కంపెనీలు డాక్‌ల తయారీ మొదలుపెట్టాయి. ఆల్టెక్ లాన్సింగ్, బోస్, జేబీఎల్ లాంటి కంపెనీల డాక్‌లు ఆ రోజుల్లో బాగా అమ్ముడయ్యాయి. 2006లో ఆపిల్ సొంతంగా ఐపాడ్ హై-ఫై అనే స్పీకర్‌ను తెచ్చి, మరుసటి ఏడాదే ఆపేసింది.

2012 సెప్టెంబరులో ఐఫోన్ 5 వచ్చింది. దాంతోపాటు సన్నటి లైట్నింగ్ కనెక్టర్ వచ్చింది. ఒక్కసారిగా అప్పటిదాకా అమ్మిన డాక్‌లన్నీ పాతవైపోయాయి. 2014లో ఐపాడ్ క్లాసిక్, 2017లో నానో, షఫుల్, 2022 మే నెలలో చివరిగా మిగిలిన ఐపాడ్ టచ్ ఆగిపోయాయి. 2023లో ఐఫోన్ 15 లైట్నింగ్‌ను కూడా వదిలేసి యూఎస్‌బీ-సీకి మారింది.

ఇరవై ఏళ్లలో ఒక్క కంపెనీ ఫోన్లలోనే మూడు రకాల కనెక్టర్లు మారాయి. ఈ ఇరవై ఏళ్లలోనూ మారకుండా ఉన్నది ఇంకోటుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకునే గుండ్రటి 3.5 ఎంఎం రంధ్రం. కొత్త ఫోన్లలో అది తగ్గిపోతున్నా, స్పీకర్లలో ఇంకా ఉంది. పాత డాక్‌ను బతికించే దారి చాలాసార్లు అదే.

ముందు ఐపాడ్‌లో ఉన్నవి కాపాడుకోవాలి

డాక్ సంగతి తర్వాత చూడొచ్చు. ముందు ఐపాడ్‌ను చేతిలోకి తీసుకుని దాని ఆకారం చూడాలి. వెనక భాగం ఉబ్బినట్టున్నా, స్క్రీన్ పైకి లేచినట్టున్నా, అంచుల్లో సందు కనిపించినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని ఛార్జింగ్‌కు పెట్టకూడదు. నొక్కి సరిచేసే ప్రయత్నం అసలు వద్దు. లిథియం బ్యాటరీకి చిల్లు పడితే మంటలు వస్తాయి. అలాంటిదాన్ని తెలిసిన రిపేర్ షాపులో చూపించి, బ్యాటరీ మార్పించాకే లోపల ఏముందో చూడాలి.

ఆకారం బాగానే ఉంటే డాక్‌లోనో, కేబుల్‌తోనో అరగంట ఛార్జ్ చేయాలి. ఏళ్లుగా ఖాళీగా ఉన్న బ్యాటరీ వెంటనే మేలుకోదు. కాసేపు స్క్రీన్ నల్లగానే ఉంటే అది పోయిందని అనుకోవద్దు.

ఆన్ అయ్యాక వచ్చే అసలు ప్రమాదం కంప్యూటర్ దగ్గర. ఐపాడ్ ఒక కంప్యూటర్‌లోని ఐట్యూన్స్ లైబ్రరీకి జతై ఉంటుంది. పదేళ్ల తర్వాత దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే, "ఈ ఐపాడ్ వేరే లైబ్రరీకి చెందినది, ఎరేజ్ అండ్ సింక్ చేయమంటారా" అన్న అర్థంలో ఒక బాక్స్ వస్తుంది. సింక్ అనే మాట చూసి ఓకే నొక్కితే ఐపాడ్‌లో ఉన్న పాటలు, రికార్డింగులు తుడిచిపెట్టుకుపోతాయి. ఆ బాక్స్‌లో నొక్కాల్సింది క్యాన్సిల్. విండోస్‌లో "ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా" అని అడిగినా అంతే, వద్దనాలి. మ్యాక్ కంప్యూటర్‌తో వాడిన ఐపాడ్‌ను విండోస్ చదవలేక అలా అడుగుతుంది. ఐపాడ్ పాడై కాదు.

స్క్రీన్ కింద గుండ్రటి చక్రం ఉన్న పాత ఐపాడ్‌లు, నానోలను పెన్‌డ్రైవ్ లాగా తెరవొచ్చు. దానికి ఐపాడ్‌లో డిస్క్ వాడకం అనే సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. ఐట్యూన్స్ లేని కంప్యూటర్ అయితే ఇంకా మంచిది. తెరిచాక పాటలు పైకి కనిపించవు, దాచిన ఫోల్డర్లో ఉంటాయి. దాచినవి కూడా చూపించమని విండోస్‌లో పెట్టుకుంటే ఐపాడ్ కంట్రోల్ అనే ఫోల్డర్, అందులో మ్యూజిక్ అనే ఫోల్డర్ కనిపిస్తాయి. ఆ మ్యూజిక్ ఫోల్డర్‌ను మొత్తంగా కంప్యూటర్లోకి కాపీ చేసుకోవాలి. ఫైళ్ల పేర్లు అర్థం లేని నాలుగు అక్షరాలుగా ఉంటాయి. దానికి కంగారు పడక్కర్లేదు. పాట పేరు, పాడినవారి పేరు ఫైల్ లోపల రాసి ఉంటే ప్లేయర్‌లో తెరవగానే కనిపిస్తాయి. ఇంట్లో రికార్డు చేసినవాటికి ఆ వివరాలు ఉండకపోవచ్చు. ఒక్కొక్కటీ విని పేరు పెట్టుకోవాల్సిందే. ఆ పని ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేస్తే మంచిది. ఏ గొంతు ఎవరిదో వాళ్లే చెప్పగలరు.

ఐపాడ్ టచ్ మాత్రం ఇలా పెన్‌డ్రైవ్‌లా తెరుచుకోదు. అందులో వాయిస్ మెమోలుంటే ఐపాడ్ నుంచే ఈమెయిల్ చేసుకోవడం సులువు.

కాపీ చేసినవి ఒక్కచోటే ఉంచకూడదు. ఒకటి కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, వీలైతే ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న అక్కయ్య ఇంట్లో. ఇంతా అయ్యాకే డాక్ దగ్గరికి రావాలి.

కరెంటు సంగతి తేలాకే స్విచ్

బయటి దేశం నుంచి వచ్చిన డాక్ అయితే అడాప్టర్ మీద రాసి ఉన్నది చదవాలి. ఇన్‌పుట్ అన్న చోట 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఇక్కడి 230 వోల్టులకు నేరుగా పెట్టొచ్చు. ప్లగ్ ఆకారం మాత్రమే మార్చుకోవాలి. దుబాయ్, ఖతర్, కువైట్ ప్లగ్‌లకు బల్లపరుపు పిన్నులు మూడు ఉంటాయి. ఇక్కడి సాకెట్లకు అవి సరిపోవు.

ఇన్‌పుట్ 110 లేదా 120 వోల్టులు అని మాత్రమే ఉంటే ఇక్కడ నేరుగా పెట్టకూడదు. అమెరికా నుంచి వచ్చిన కొన్ని వస్తువులు అలా ఉంటాయి. సౌదీలో కూడా చాలా ఏళ్లు ఇళ్లల్లో తక్కువ వోల్టేజీ లైను ఒకటి ఉండేది. దాన్నే అక్కడున్నవాళ్లు 110 లైను అనేవారు. అలాంటి అడాప్టర్‌ను ప్లగ్ మార్చి 230లో పెడితే క్షణంలో కాలిపోతుంది.

అడాప్టర్ పోయినా, కాలినా కొత్తది కొనొచ్చు. మూడు విషయాలు సరిపోవాలి. అవుట్‌పుట్ వోల్టులు పాతదానితో సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగానో, ఎక్కువగానో ఉండాలి. గుండ్రటి పిన్నులో ప్లస్ లోపల ఉందో, బయట ఉందో చూపే చిన్న గుర్తు రెండిటి మీదా ఒకేలా ఉండాలి. కొన్ని డాక్‌ల అడాప్టర్లు ఒకటికి రెండు వోల్టేజీలు ఇస్తాయి, పిన్నులు ఎక్కువగా ఉంటాయి. అలాంటిదానికి ఏదో ఒకటి తగిలించి చూద్దాం అనుకోవద్దు. హైదరాబాద్ వాళ్లయితే డాక్‌ను సంచిలో వేసుకుని కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి, అక్కడ సరిచూసుకుని కొనుక్కోవడం మంచిది.

పాట చేరడానికి మూడు దారులు

మొదటి దారి ఆక్స్. డాక్ వెనక భాగంలో ఆక్స్ అనో, లైన్ ఇన్ అనో రాసి ఉన్న గుండ్రటి రంధ్రం ఉందేమో చూడాలి. ఉంటే సగం పని అయిపోయినట్టే. రెండు వైపులా ఒకే రకం 3.5 ఎంఎం పిన్ను ఉన్న కేబుల్ ఒకటి చాలు. ఒక చివర డాక్‌లో, ఇంకో చివర ఫోన్‌లో, లేదా పాత ఎంపీ3 ప్లేయర్‌లో, రేడియోలో పెట్టొచ్చు. ఇయర్‌ఫోన్ రంధ్రం లేని ఫోన్ అయితే యూఎస్‌బీ-సీ నుంచి 3.5 ఎంఎంకు మార్చే చిన్న తోక కావాలి.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఫోన్‌లో సౌండ్ మరీ తక్కువ పెట్టి డాక్‌లో పెంచితే వెనక నుంచి బుస్సుమనే శబ్దం వస్తుంది. ఫోన్‌లో పూర్తిగా పెంచేస్తే గొంతు పగిలినట్టు వినిపించొచ్చు. ఫోన్‌లో ముప్పావు వంతు పెట్టి, ఇక పెంచడం తగ్గించడం అంతా డాక్ మీదే చేసుకుంటే శుభ్రంగా వినిపిస్తుంది.

రెండో దారి బ్లూటూత్. డాక్‌కు ఆక్స్ రంధ్రం ఉండి, వైరు వద్దనుకుంటే ఆక్స్‌లో పెట్టుకునే బ్లూటూత్ రిసీవర్లు దొరుకుతాయి. ఆక్స్ లేకపోతే ఐపాడ్ గూట్లోనే కూర్చునే 30 పిన్నుల బ్లూటూత్ రిసీవర్లు ఉన్నాయి. అగ్గిపెట్టె కన్నా చిన్నగా ఉంటాయి. ఫోన్ జేబులో ఉన్నా పాట డాక్‌లో వస్తుంది. అయితే ఇవి అన్ని డాక్‌లకూ పనిచేయవు. కారణం కరెంటే. ఈ రిసీవర్లు సాధారణంగా 5 వోల్టులతో నడుస్తాయి. తొలినాళ్ల డాక్‌లలో కొన్ని 12 వోల్టుల ఫైర్‌వైర్ పిన్నుల మీద మాత్రమే కరెంటు ఇచ్చేవి. వాటిలో పెడితే రిసీవర్ దీపం కూడా వెలగదు. కొన్ని డాక్‌లయితే గూట్లో నిజమైన ఐపాడ్ ఉందని తెలిస్తే తప్ప ఆన్ కావు. అందుకే పనిచేయకపోతే వెనక్కి తీసుకునే షాపులోనే కొనాలి.

మూడో దారి, లైట్నింగ్ ఫోన్‌ను 30 పిన్నుల గూట్లో కూర్చోబెట్టే అడాప్టర్. దీనిలో మోసపోవడం సులువు. పాత కనెక్టర్ నుంచి సౌండ్ సిద్ధంగా బయటికి వచ్చేది. లైట్నింగ్‌లో వచ్చేది డిజిటల్ సమాచారం మాత్రమే. దాన్ని సౌండ్‌గా మార్చే చిప్ అడాప్టర్ లోపల ఉండాలి. చౌకరకం వాటిలో అది ఉండదు. ఫోన్ ఛార్జ్ అవుతుంది, పాట మాత్రం రాదు. పైగా నానో లాంటి చిన్న ప్లేయర్ల కోసం చేసిన గూట్లో బరువైన ఫోన్‌ను అడాప్టర్ మీద నిలబెడితే చిన్నపాటి తోపుకే కనెక్టర్ విరుగుతుంది. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ దారి వద్దు.

పాట వస్తోంది, ఛార్జ్ కావట్లేదెందుకు?

పాత డాక్‌లో ఐపాడ్ పెడితే పాట బాగానే వస్తుంది, బ్యాటరీ మాత్రం తగ్గిపోతూ ఉంటుంది. చాలామంది ఐపాడ్ పోయిందనుకుంటారు. పైన చెప్పిన ఫైర్‌వైరే దీనికీ కారణం కావొచ్చు. తొలినాళ్ల ఐపాడ్‌లు 12 వోల్టుల ఫైర్‌వైర్‌తోనూ ఛార్జ్ అయ్యేవి. 2008లో వచ్చిన నాలుగో తరం నానో, రెండో తరం టచ్, ఐఫోన్ 3జీ ఆ పద్ధతిని వదిలేసి, యూఎస్‌బీ 5 వోల్టులతో మాత్రమే ఛార్జ్ అవుతాయి. అంటే 2005 నాటి డాక్, 2009 నాటి నానో రెండూ మంచి స్థితిలో ఉన్నా, ఒకదానికొకటి కుదరకపోవచ్చు. అలాంటప్పుడు రాత్రి కేబుల్‌తో ఛార్జ్ చేసుకుని, పగలు డాక్‌లో వాడుకోవడమే.

ఛార్జింగ్ వచ్చి వచ్చి ఆగిపోతుంటే మాత్రం పిన్నుల మీద మురికి చూడాలి. మచిలీపట్నం, నెల్లూరు, విశాఖ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లల్లో పిన్నులు త్వరగా పచ్చబడతాయి. డాక్ ప్లగ్ తీసేసి, మెత్తటి బ్రష్‌కు కొద్దిగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. నీళ్లు, అత్తరు, సబ్బు వాడకూడదు.

ఫోన్ ఉండగా ఐపాడ్ ఎందుకు?

ఈ ప్రశ్న పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు ఇంట్లో అందరికీ అనుభవమే. ఫోన్‌లో ఉచిత యాప్ మీద తిలావత్ పెడితే మధ్యలో ప్రకటన దూరుతుంది. సూరా సగంలో ఉండగా ఫోన్ మోగుతుంది, వాట్సాప్ మెసేజ్ టింగుమంటుంది. వినడానికి ఫోన్ అందుకున్న పిల్లాడు రెండు నిమిషాల్లో వీడియోల్లోకి వెళ్లిపోతాడు.

ఐపాడ్‌లో అవేవీ లేవు. అందులో ఇంటివాళ్లు ఎక్కించినవే ఉంటాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు, రీఛార్జ్ అయిపోయినా ఆగదు. దాదీకి, నానీకి యాప్‌లు, పాస్‌వర్డ్‌లు నేర్పక్కర్లేదు. ఒక బటన్ నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ఆపు. అజాన్ వినిపించగానే ఆపడానికి కూడా ఆ ఒక్క బటనే. 128 కేబీపీఎస్ నాణ్యతతో చేసిన ఎంపీ3 నిమిషానికి సుమారు 1 ఎంబీ తీసుకుంటుంది. అంటే 8 జీబీ ఉన్న చిన్న నానోలో కూడా వంద గంటలకు పైగా పడుతుంది. వినేది మాటలే అయితే ఆ నాణ్యత బాగా సరిపోతుంది.

ఎక్కడ పెడితే బాగా వినిపిస్తుంది?

చిన్న డాక్‌ను ఎక్కడ పెట్టామన్న దాన్ని బట్టి సౌండ్ చాలా మారుతుంది. గోడ మూలలో పెడితే బరువైన శబ్దం, అంటే బేస్, పెరుగుతుంది. పాటలకు అది కొందరికి నచ్చుతుంది. కానీ తిలావత్, బయాన్, వార్తలు వినేటప్పుడు మాటలు ముద్దముద్దగా మారతాయి. మూల నుంచి మూరెడు, వెనక గోడ నుంచి కనీసం బెత్తెడు దూరం ఉంచితే మాట స్పష్టంగా ఉంటుంది. వెనక భాగంలో గాలి పోయే రంధ్రం ఉన్న డాక్‌లకు ఈ దూరం తప్పనిసరి.

అద్దాల తలుపుల షోకేస్ లోపల పెట్టి వింటే డబ్బాలో మాట్లాడినట్టుంటుంది. బోలుగా ఉన్న చెక్క అల్మారా మీద పెడితే అల్మారా కూడా కలిసి మోగుతుంది. కింద మందపాటి రబ్బరు ముక్కనో, మడత పెట్టిన గుడ్డనో వేస్తే ఆ మోత తగ్గుతుంది. నేల మీద కాకుండా, కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండే బల్ల మీద పెట్టాలి. వంటింట్లో పొయ్యికి దగ్గరగా వద్దు. నూనె ఆవిరి కనెక్టర్‌లోకి, స్పీకర్ జాలీలోకి చేరి జిగురవుతుంది.

డాక్‌లో రెండు స్పీకర్ల మధ్య దూరం అంగుళాల్లోనే ఉంటుంది. కాబట్టి కుడి, ఎడమ వేరువేరుగా వినిపించే స్టీరియో అనుభవం, ఫంక్షన్ హాల్ అంత బేస్ దీని నుంచి ఆశించకూడదు. ఒక గదిలో నలుగురు కూర్చుని వినడానికి చేసిన వస్తువు అది. ఆ పని అది బాగా చేస్తుంది.

మధ్యమధ్యలో స్పీకర్ నుంచి "డిట్ డిట్ డిట్.. బర్ర్" అనే శబ్దం వస్తే డాక్ చెడిపోలేదు. పక్కన పెట్టిన 2జీ ఫోన్ టవర్‌తో మాట్లాడుతోందని అర్థం. పెద్దవాళ్ల దగ్గరుండే బటన్ల ఫోన్లతో ఇది ఎక్కువ. ఫోన్‌ను రెండు మూరల దూరం జరిపితే పోతుంది.

పెద్దవాళ్లకు సౌండ్ పెంచడం కాదు, దగ్గర పెట్టాలి

వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేది సన్నటి శబ్దాలు. స, ష, ఫ లాంటి అక్షరాలు ఒకదానికొకటి తేడా తెలియవు. అందుకే పెద్దవాళ్లు "వినిపిస్తోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. అప్పుడు సౌండ్ ఎంత పెంచినా మిగతావాళ్ల చెవులు నొప్పి పుట్టడమే తప్ప వాళ్లకు స్పష్టత రాదు. చేయాల్సింది డాక్‌ను వాళ్ల మంచం దగ్గరికి తేవడం. దూరం సగమైతే నేరుగా చెవికి చేరే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గోడల ప్రతిధ్వని వాటా తగ్గుతుంది. బేస్ పెంచే బటన్ ఉంటే ఆపేయాలి. ఫ్యాన్ స్పీడ్ ఒక పాయింట్ తగ్గించినా తేడా తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినొచ్చు. పిల్లలకు ఆ పరిమితి 75 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు సురక్షితమైన సమయం సగమవుతుంది. 90 డెసిబెల్స్ దగ్గర వారానికి 4 గంటలే. మామూలు మాటలు 60 డెసిబెల్స్ చుట్టూ ఉంటాయి. ఇంట్లో సులువైన కొలత ఒకటుంది. డాక్ మోగుతుండగా చేతికందే దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే సౌండ్ ఎక్కువైనట్టే. ఉయ్యాల పక్కన, పసిపిల్లల తల దగ్గర డాక్ పెట్టకూడదు.

పొరుగువాళ్ల సంగతి కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. అపార్టుమెంట్లలో, గోడలు కలిసిన గల్లీ ఇళ్లల్లో మాట కన్నా బేస్ ముందు గోడ దాటుతుంది. సహరీ వేళ తిలావత్ పెట్టుకునే ఇళ్లు ఆ ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలు. గోడకు ఆనించకుండా, సౌండ్ తగ్గించి, దగ్గర కూర్చుని వింటే సరిపోతుంది.

పాతది కొనాలంటే.. పారేయాలంటే..

ఇంట్లో డాక్ లేనివాళ్లకు జుమేరాత్ బజార్ లాంటి చోట్ల పాతవి తక్కువకే దొరుకుతుంటాయి. ముందు వెనక్కి తిప్పి ఆక్స్ రంధ్రం ఉందో లేదో చూడాలి. లేకపోతే ఎంత పెద్ద కంపెనీదైనా వదిలేయడం మేలు. తర్వాత అసలు అడాప్టర్ ఉందా, రిమోట్ లేకుండా సౌండ్ పెంచే బటన్లు పనిచేస్తున్నాయా అని చూడాలి. ఫోన్ తగిలించి మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి వినాలి. గట్టిగా పెట్టినప్పుడు గరగరమంటే స్పీకర్ అంచున ఉండే నురుగు చినిగి ఉండొచ్చు. పైన రబ్బరు పూత జిగటగా అంటుకుంటుంటే అది వయసు వల్ల వచ్చేదే. చూడ్డానికి బాగోదు గానీ సౌండ్‌కు దోషం లేదు.

వాడనప్పుడు స్విచ్ ఆపడం అలవాటు చేసుకోవాలి. డాక్ నిద్రలో ఉన్నా కొద్దిగా కరెంటు తాగుతుంది. ఉదాహరణకు 3 వాట్లు తీసుకునేదైతే నెలకు 2 యూనిట్లకు పైగా అవుతుంది. ఏమీ వినకుండా కట్టే బిల్లు అది.

ఆంప్లిఫయర్ బోర్డు పూర్తిగా కాలిపోయి, మెకానిక్ కూడా చేతులెత్తేస్తే అప్పుడు వదులుకోవాల్సిందే. అప్పుడైనా చెత్త బండిలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నిబంధనల కింద ఇలాంటి వస్తువులు రిజిస్టర్ అయిన రీసైక్లర్లకు చేరాలి. ఐపాడ్‌లో, కొన్ని డాక్‌లలో లిథియం బ్యాటరీలుంటాయి. చెత్త కుప్పలో అవి అంటుకుంటే తగలబడేది అక్కడ ఏరుకుని బతికేవాళ్ల చేతులే.

ఇవ్వడానికి ముందు మాత్రం ఒక్కసారి సరిచూసుకోవాలి. ఐపాడ్‌లో ఉన్నవి రెండు చోట్ల భద్రంగా కాపీ అయ్యాయా, ఆ ఫైళ్లు తెరిస్తే నిజంగా వినిపిస్తున్నాయా? డాక్ పోతే బజారులో ఇంకోటి దొరుకుతుంది. అందులో వినిపించిన ఇంటి పెద్దాయన గొంతు ఏ బజారులోనూ దొరకదు.